స్టిల్ట్‌లో గది, షెడ్డులో దుకాణం: గోడ లేపే ముందు ప్లాన్ కాగితం చూశారా?

హైదరాబాద్‌లో టోలిచౌకి, బండ్లగూడ, షాహీన్‌నగర్, మెహదీపట్నం... ఏ మొహల్లాలోకి వెళ్లినా ఒక దృశ్యం మామూలైపోయింది. కారు పెట్టుకోవడానికని వదిలిన కింది భాగానికి ఇప్పుడు మూడు వైపులా ఇటుక గోడ, ముందు షట్టర్ ఉంటున్నాయి. ఒక ఇంట్లో అది టైలరింగ్ దుకాణం. పక్కింట్లో పిల్లల ట్యూషన్. ఇంకో ఇంట్లో బిర్యానీ క్యాటరింగ్ డేగ్‌లు. ఆ పై గల్లీలో మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని దాదాజాన్ పడుకునే గది.

ఈ పని మొదలయ్యేది కూడా దాదాపు ఒకే మాటతో. "భాయ్, మూడు గోడలు, ఒక షట్టర్. వారం రోజుల పని. దీనికి పర్మిషన్ ఎందుకు?" అంటాడు మేస్త్రీ. ఇల్లు సొంతం, స్థలం సొంతం, పునాది ఎప్పుడో పడింది. ఎవరి జాగా ఆక్రమించలేదు. కాబట్టి తప్పేముందని ఇంట్లో అందరూ అనుకుంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. ఇంటికి చేసే మార్పుల్లో మున్సిపల్ రూల్స్ అందరూ చిన్నదనుకునే ఈ మార్పునే పెద్ద ఉల్లంఘనగా చూస్తాయి. బాల్కనీ అర అడుగు ముందుకొస్తే ఒక లెక్క. పార్కింగ్‌ను గదిగా మారిస్తే ఇంకో లెక్క. ఈ తేడా తెలియక లక్షలు ఖర్చు పెట్టిన కుటుంబాలు నోటీసు చేతికొచ్చాక లాయర్ల చుట్టూ తిరుగుతున్నాయి.

అవసరం నిజమైనదే

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. షెడ్డును గదిగా మార్చేవాళ్లంతా చట్టాన్ని లెక్కచేయని వాళ్లు కాదు. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు కొడుకుల నిఖా అయ్యాక ఉన్న గదులు చాలవు. బయట అద్దెకు వెళ్దామంటే అడ్వాన్సు, కిరాయి భరించలేరు. పైగా ముస్లిం కుటుంబమని తెలిశాక ఇల్లు ఇవ్వని ఓనర్లు ఉన్నారన్నది నగరంలో అందరికీ తెలిసిన విషయం. గల్ఫ్ నుంచి ఉద్యోగం పోయి తిరిగొచ్చిన మనిషికి చేతిలో మిగిలే పెట్టుబడి ఒక్కోసారి సొంతింటి కింది భాగమే. బయట షాపులో కూర్చోవడం కుదరని ఆడవాళ్లకు ఇంటి గుమ్మం దగ్గరి మగ్గం పని, బ్లౌజుల కుట్టుపని నెల ఖర్చు గట్టెక్కించే దారి.

కారు లేని ఇంటికి కారు షెడ్డు ఎందుకన్న ప్రశ్న కూడా సబబైనదే. అయితే ఆ ప్రశ్నను అడగాల్సింది ప్లాన్ వేయించుకునే రోజున. గోడ లేచిన తర్వాత అడిగితే ఆఫీసులో దానికి విలువ ఉండదు.

స్టిల్ట్ ఎందుకు ఇస్తారు?

తెలంగాణలో ఇళ్ల నిర్మాణానికి ఇప్పటికీ ఆధారం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో నంబర్ 168. తర్వాత చాలా సవరణలు వచ్చినా మూల సూత్రాలు అందులోవే. ప్లాటు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు బట్టి ఎంత ఎత్తు కట్టొచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నది అందులో పట్టికగా ఉంటుంది.

ఆ పట్టికలో ఒక వెసులుబాటు ఉంది. పార్కింగ్ కోసమే వదిలే స్టిల్ట్ ఫ్లోర్‌ను భవనం ఎత్తులో కలపరు. ఉదాహరణకు 250 గజాల ప్లాటు తీసుకుందాం. అంటే సుమారు 209 చదరపు మీటర్లు. ఇలాంటి ప్లాట్లకు సాధారణంగా పది మీటర్ల ఎత్తు వరకు అనుమతి వస్తుంది. అందులో మూడు అంతస్తులు పడతాయి. కింద స్టిల్ట్ దానికి అదనం. అందుకే ఊరంతా "స్టిల్ట్ ప్లస్ త్రీ" అన్న మాట వాడుకలోకి వచ్చింది.

అంటే స్టిల్ట్ అన్నది ఒక షరతు మీద ప్రభుత్వం ఇచ్చిన అదనపు అంతస్తు. బండ్లు రోడ్డు మీద పెట్టకుండా లోపల పెడతారన్నది ఆ షరతు. దానికి గోడలు కట్టి గదులు చేస్తే షరతు పోయింది. కాగితం మీద స్టిల్ట్ ప్లస్ త్రీగా ఉన్న ఇల్లు నిజంలో నాలుగంతస్తుల ఇల్లయింది. టౌన్ ప్లానింగ్ అధికారి దృష్టిలో ఆ కుటుంబం మూడు గోడలు మాత్రమే కట్టలేదు, ఒక అంతస్తు అనుమతి లేకుండా కలుపుకుంది.

జీవో 168లో ఈ విషయం మీద భాష కూడా కఠినంగానే ఉంటుంది. పార్కింగ్‌కు చూపిన స్థలాన్ని ఇంకో పనికి వాడితే దాన్ని తొలగించే, కూల్చే అధికారం ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లకు నేరుగా ఇచ్చారు. సెట్‌బ్యాక్‌లలో కొద్దిపాటి తేడా ఉంటే జరిమానాతో సర్దుకునే వీలు ఉంది. పార్కింగ్ విషయంలో అలాంటి మెత్తదనం కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో జీవో 119తో వేరే బిల్డింగ్ రూల్స్ వచ్చాయి. అక్కడా పార్కింగ్ చోటును గదిగానో దుకాణంగానో మార్చడం ఉల్లంఘనే.

ఏ ప్లాటుకు ఏ దారి?

2020లో తెలంగాణ టీఎస్ బీపాస్ చట్టం తెచ్చింది. దాంతో చిన్న ఇళ్లవాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరగడం చాలావరకు తగ్గింది. 75 గజాల లోపు ప్లాటులో గ్రౌండ్ ప్లస్ వన్ కట్టుకునేవాళ్లకు బిల్డింగ్ పర్మిషన్ అక్కర్లేదు. ఒక్క రూపాయి టోకెన్ ఫీజుతో రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే అనుమతి. అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజులు. 2025లో ప్రభుత్వం బిల్డ్ నౌ పేరుతో కొత్త పోర్టల్ తెచ్చింది.

ఈ సులువుకు ఇంకో వైపు కూడా ఉంది. సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే ఇంటి యజమానే "నేను ఇలాగే కడతాను" అని సంతకం చేసి ఇచ్చే హామీ. తప్పుడు వివరాలిచ్చారని తేలితే 21 రోజుల్లోగా అనుమతిని రద్దు చేయొచ్చు. హామీ తప్పి కడితే స్థలం విలువలో 25 శాతం దాకా జరిమానా వేయొచ్చని, ముందస్తు నోటీసు లేకుండానే కూల్చొచ్చని చట్టంలో రాసుకున్నారు. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించి, గృహప్రవేశం అయ్యాక గది కట్టుకుందామనుకునే కుటుంబం తన సంతకానికి తానే వ్యతిరేకంగా పోతోంది.

కాబట్టి ఒక్కో ఇంటికీ జవాబు ఒక్కోలా ఉంటుంది. పాతబస్తీలో 60 గజాల ఇంట్లో స్కూటర్ పెట్టుకునే వరండాను గదిగా మార్చుకోవడం, 250 గజాల స్టిల్ట్‌ను మార్చడం ఒకటి కాదు. మొదటిదానిలో ప్లాన్ ప్రకారం పార్కింగ్ అన్నదే ఉండకపోవచ్చు. అక్కడ చూడాల్సింది ఎత్తు, పక్కింటి గోడ, రోడ్డు మీదకు వచ్చామా లేదా అన్నది. రెండోదానిలో పార్కింగ్ అన్నది అనుమతిలో భాగం.

విడిగా కట్టిన ఇల్లయితే, ఎత్తులోనూ పార్కింగ్‌లోనూ రూల్స్‌కు లోబడే వీలుంటే, మార్పులు చేర్పులకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉదాహరణకు ఇంటి పక్కన ఓపెన్‌గా బండి పెట్టుకునే జాగా సరిపడా ఉండి, ఎత్తు లెక్క దాటకపోతే, లైసెన్స్ ఉన్న ఇంజనీర్ లేదా ఆర్కిటెక్ట్‌తో సవరించిన ప్లాన్ వేయించి అనుమతి అడిగే దారి ఉంది. అనుమతి వస్తే ఆ గది కాగితం మీద కూడా గదే. వస్తుందా రాదా అన్నది గోడ కట్టక ముందు తెలుస్తుంది. మేస్త్రీ చెప్పే "వారం పని"కి ముందు ఒక నెల ఆగడమంటే ఇదే.

అపార్ట్‌మెంట్‌లో అది ఎవరిది?

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు. బిల్డర్ కింద ఒక మూల గోడ కట్టి "ఇది మీ గ్యారేజీ" అని విడిగా డబ్బు తీసుకుంటాడు. కొన్నవాళ్లు దాన్ని స్టోర్ రూముగా, దుకాణంగా మార్చుకుంటారు. తర్వాత మిగతా ఫ్లాట్లవాళ్లు తమ బండ్లకు జాగా లేదని గొడవకు దిగుతారు.

ఈ విషయం 2010లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముంబైకి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో, స్టిల్ట్ పార్కింగ్‌ను గ్యారేజీగా చెప్పి ఫ్లాటుతో సంబంధం లేకుండా విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని కోర్టు తేల్చింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పు. ఆ తర్వాత దేశమంతటికీ వర్తించే 2016 రెరా చట్టం గ్యారేజీకి అర్థం చెప్పింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉన్న బండి చోటే గ్యారేజీ. ఓపెన్ పార్కింగ్ అందరి ఉమ్మడి ఆస్తి కింద లెక్క. ఇక గ్యారేజీ అయినా అది బండి పెట్టడానికే. దాంట్లో కాపురం పెట్టే హక్కు ఆ మాటతో రాదు. వాచ్‌మన్ గదిలాంటివి కూడా ప్లాన్‌లో చూపిస్తేనే చెల్లుతాయి.

దుకాణం పెడితే లెక్క మారుతుంది

కింద గది కట్టుకుని ఇంట్లో మనిషి పడుకోవడం ఒకటి. షట్టర్ పెట్టి కిరాణా నడపడం, ఇంకొకరికి కిరాయికివ్వడం ఇంకొకటి. రెండోదాంట్లో మూడు శాఖలు తలుపు తడతాయి.

మొదటిది టౌన్ ప్లానింగ్. నివాస ప్రాంతంలో వ్యాపారం నడపాలంటే ఆ రోడ్డులో అందుకు అనుమతి ఉండాలి. రెండోది ట్రేడ్ లైసెన్స్. ఇది వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే కాగితం. దీంతో కట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు. మూడోది కరెంటు. ఇంటి కనెక్షన్‌తో దుకాణం నడిపితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అది అనధికార వాడకం. వర్తించే టారిఫ్‌కు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏడాది వెనక్కి లెక్క కడతారు. చిన్న టైలరింగ్ షాపుకు ఆ ఒక్క బిల్లే చాలు, ఆరు నెలల సంపాదన పోవడానికి.

ఇంకో అపోహ కూడా గట్టిగా నాటుకుపోయింది. "ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు ఉంది, నల్లా ఉంది. ఇక ఇల్లీగల్ ఎలా అవుతుంది?" అని అడుగుతారు. పన్ను కట్టడం వల్ల కట్టడం సక్రమం కాదు. జీహెచ్‌ఎంసీ చట్టం అనుమతి లేని కట్టడాల మీద ఆస్తి పన్నుకు అదనంగా జరిమానా వేసే వీలు ఇచ్చింది. పూర్తిగా అనుమతి లేని అంతస్తుకైతే అది నూరు శాతం దాకా పోతుంది. ఆ జరిమానా ఏటా కట్టినా కూల్చివేత నుంచి రక్షణ లేదు.

రెండు తీర్పులు, రెండూ గుర్తుండాలి

2024 చివర్లో సుప్రీంకోర్టు నుంచి నెల రోజుల తేడాతో రెండు తీర్పులు వచ్చాయి. మొదటిది మన కుటుంబాల్లో అందరికీ తెలుసు. రెండోదాని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

మొదటిది 2024 నవంబర్ 13న వచ్చిన బుల్డోజర్ తీర్పు. జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ కేవీ విశ్వనాథన్ ధర్మాసనం ఇచ్చింది. నోటీసు ఇవ్వకుండా ఇల్లు కూల్చకూడదని, కనీసం 15 రోజులు, లేదా స్థానిక చట్టంలో అంతకంటే ఎక్కువ గడువుంటే ఆ గడువు ఇవ్వాలని చెప్పింది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో రావాలి, ఇంటికీ అంటించాలి. ఇంటివాళ్ల వాదన వినాలి. తుది ఉత్తర్వులో కారణాలు రాయాలి. ఆ ఉల్లంఘనను జరిమానాతో సరిచేసే వీలుందా, కూల్చడం ఒక్కటే ఎందుకు దారి అన్నది కూడా అందులో చెప్పాలి. ఉత్తర్వు వచ్చాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. ఇవి పాటించని అధికారి సొంత జేబు నుంచి నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు. రోడ్డు, ఫుట్‌పాత్, నాలా, చెరువు లాంటి చోట్ల ఉన్న కట్టడాలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు ఈ రక్షణ లేదు.

టీఎస్ బీపాస్ చట్టంలో నోటీసు లేకుండా కూల్చొచ్చన్న మాటకు, ఈ తీర్పుకు మధ్య తేడా స్పష్టంగానే ఉంది. సొంత స్థలంలో సొంత ఇంటి కింద గది కట్టుకున్న కుటుంబానికి ఈ తీర్పు గట్టి ఆసరా. నోటీసు వస్తే భయపడి దాచిపెట్టకుండా గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వడం, ఆ కాపీ మీద స్టాంపు వేయించుకోవడం అందుకే ముఖ్యం. జవాబు ఇవ్వని వాళ్లకు తర్వాత కోర్టులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

రెండోది 2024 డిసెంబర్ 17న వచ్చిన రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసు తీర్పు. మీరట్‌లో నివాసం కోసం ఇచ్చిన ప్లాటులో దుకాణాలు కట్టిన కేసు అది. జస్టిస్ జేబీ పార్దీవాలా, జస్టిస్ ఆర్ మహదేవన్ ధర్మాసనం చాలా గట్టిగా మాట్లాడింది. చాలా ఏళ్లు గడిచిపోయాయని, చాలా డబ్బు పెట్టామని చెప్పినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదంది. ఆక్యుపెన్సీ లేదా కంప్లీషన్ సర్టిఫికేట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలంది. బ్యాంకులు కూడా ఆ సర్టిఫికేట్ చూసే అప్పు ఇవ్వాలంది. అనుమతి లేని భవనంలో వ్యాపారానికి లైసెన్స్ ఇవ్వొద్దంది.

రెండు తీర్పులనూ కలిపి చదివితే అర్థమయ్యేది సులువే. అధికారులు పద్ధతి ప్రకారం నడవాలి. పద్ధతి ప్రకారం నడిచాక కట్టడం తప్పని తేలితే అది నిలవదు. మొదటి తీర్పు కుటుంబానికి మాట్లాడే అవకాశం ఇస్తుంది. ఆ రోజు చూపించడానికి కాగితం ఉండాలి కదా?

రేపు రెగ్యులరైజేషన్ స్కీమ్ వస్తుందన్న ఆశతో కట్టేవాళ్లు కూడా ఉన్నారు. తెలంగాణలో 2015లో వచ్చిన బీఆర్ఎస్ స్కీము హైకోర్టు కేసుల్లో చిక్కుకుని దరఖాస్తులు ఏళ్ల తరబడి పెండింగ్‌లో పడ్డాయి. ఫీజు కట్టి ఎదురుచూసిన కుటుంబాలకు ఆ సంగతి బాగా తెలుసు.

వాటాల రోజున బయటపడే గది

ఈ గది వల్ల వచ్చే అసలు తగువు చాలా ఇళ్లలో మున్సిపాలిటీతో మొదలుకాదు. ఇంటి పెద్ద ఇంతకాలం తర్వాత, విరాసత్ పంచుకునే రోజున మొదలవుతుంది.

మూడు అంతస్తులు ముగ్గురు అన్నదమ్ములు ఉంచుకుంటారు. చెల్లెలి వాటాకు "కింది పోర్షన్ నీది" అంటారు. లేదా తండ్రి బతికుండగానే కింది గదిని ఒక కొడుకుకు నోటి మాటతో హిబా చేస్తాడు. ముస్లిం లా ప్రకారం నోటి హిబాకు చెల్లుబాటు ఉంది. అయితే చేతికొచ్చిన వస్తువు ఏమిటి? అన్నలకు వచ్చినవి ప్లాన్‌లో ఉన్న ఫ్లోర్లు. చెల్లెలికి వచ్చింది ప్లాన్‌లో పార్కింగ్. ఆమె దాన్ని తాకట్టు పెడదామంటే బ్యాంకు ఒప్పుకోదు. అమ్ముదామంటే కొనేవాడి లాయర్ మొదటి పేజీలోనే ఆపేస్తాడు. నోటీసు వస్తే కూలేది ఆమె వాటా. పైవాళ్లవి భద్రంగా ఉంటాయి.

బయటికి చూడ్డానికి నలుగురికీ నాలుగు పోర్షన్లు. నిజానికి ఒకరి హక్కు కాగితం మీద లేనే లేదు. షరీఅత్ ఆడపిల్లకు ఇచ్చిన వాటాను మనస్ఫూర్తిగా ఇవ్వాలనుకునే కుటుంబం కూడా తెలియకుండానే ఆమెకు అన్యాయం చేస్తోంది. పంపకాల ముందు ఒకసారి శాంక్షన్డ్ ప్లాన్ తెప్పించి, ఏది గది ఏది పార్కింగ్ అని చూసుకుని, దాని ప్రకారం విలువ కట్టుకుంటే ఈ తగువు ఉండదు.

నిప్పు, నీళ్లు

రూల్స్ పక్కన పెట్టినా ఈ గది గురించి ఆలోచించాల్సింది ఒకటి మిగిలే ఉంటుంది. పై అంతస్తుల్లో ఉండేవాళ్లందరూ బయటికి రావాలంటే ఆ కింది భాగం గుండానే రావాలి.

2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో జరిగింది నగరం మరిచిపోలేదు. అపార్ట్‌మెంట్ కింది గ్యారేజీ భాగంలో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉన్నాయి. అక్కడే కారు రిపేరు చేస్తుండగా నిప్పు రవ్వలు పడి అంటుకున్నాయని అప్పట్లో పోలీసులు చెప్పారు. పొగ మెట్ల మీదుగా పైకి పోయింది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పై ఫ్లోర్లలో తమ ఇళ్లలో ఉన్నవాళ్లు. అంతకు ఏడాది ముందు, 2022 సెప్టెంబర్ 12 రాత్రి, సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచి పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో 17 మంది చనిపోయారు. బయటికి వచ్చే దారి ఇరుగ్గా ఉండటం అక్కడ పెద్ద శాపమైంది.

స్టిల్ట్ నాలుగు వైపులా ఖాళీగా ఉంటే కింద పొగ లేచినా బయటికి పోతుంది. గోడలు కట్టేస్తే ఆ పొగకు మిగిలే దారి మెట్లే. మెట్లు అప్పుడు పొగ గొట్టంలా పనిచేస్తాయి. చాలా ఇళ్లలో కరెంటు మీటర్ల బోర్డు కూడా ఆ మెట్ల పక్కనే ఉంటుంది. అక్కడే ఇన్వర్టర్, అక్కడే స్కూటర్ చార్జింగ్, క్యాటరింగ్ అయితే కమర్షియల్ సిలిండర్లు. రంజాన్ నెలలో, పెళ్లిళ్ల సీజన్‌లో పని ఎక్కువై సిలిండర్లు రెండింతలవుతాయి. పైన పిల్లలు నిద్రపోతుంటారు.

నీళ్ల సంగతీ అంతే. 2020 అక్టోబర్ వరదల్లో హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ, టోలిచౌకి నదీమ్ కాలనీల్లో కింది పోర్షన్లు మునిగిపోయాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో పార్కింగ్, స్టోరేజీకి మాత్రమే అనుమతి ఉన్న బేస్‌మెంట్‌లో లైబ్రరీ నడిపారు. వరద నీరు దూకి సివిల్స్‌కు చదువుకునే ముగ్గురు పిల్లలు చనిపోయారు. మెట్లెక్కలేడని దాదాజాన్‌కు కింద గది వేసిన కుటుంబం, అర్ధరాత్రి నీళ్లొస్తే ఆయన్ను పైకి ఎలా తీసుకెళ్తామన్నది కూడా ఆ రోజే ఆలోచించుకోవాలి.

ఇప్పటికే ఇలాంటి గది ఉన్న ఇళ్లలో మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మెట్ల దారి గోడల మధ్య బందీ కాకుండా రోడ్డు దాకా తెరిచి ఉంచడం. మెట్ల కింద సామాను, బండ్లు లేకుండా చూడటం. గదికి షట్టర్ కాకుండా లోపలి నుంచి తెరుచుకునే మామూలు తలుపు, ఇంకో వైపు కిటికీ ఉండటం. థిన్నర్, రెక్సిన్ గమ్, ఫోమ్ లాంటివి ఇంటి కింద నిల్వ పెట్టకపోవడం. గోదాముగా కిరాయికి అడిగేవాడు ఎంత ఎక్కువిస్తానన్నా లోపల ఏం పెడతాడో తెలియకుండా ఇవ్వకపోవడం.

వేరే చోట్ల ఎలా చేశారు?

లండన్‌లోనో కాలిఫోర్నియాలోనో స్థిరపడిన మనవాళ్లు ఫోన్‌లో "ఇక్కడ గ్యారేజీని గదిగా మార్చుకోవడం మామూలే" అంటుంటారు. ఆ మాట నిజమే. అయితే సగమే చెబుతారు.

ఇంగ్లండ్‌లో ఇంటి సైజు పెంచకుండా లోపలి మార్పులతో గ్యారేజీని గదిగా చేసుకుంటే చాలాసార్లు ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కాలనీ వేసినప్పుడే గ్యారేజీని పార్కింగ్‌గానే ఉంచాలని షరతు పెట్టి ఉంటే మాత్రం కావాలి. ఎటు పోయినా బిల్డింగ్ రెగ్యులేషన్స్ అప్రూవల్ తప్పదు. నిప్పు, గాలి, చెమ్మ, బయటికి వచ్చే దారి చూసి సంతకం పెడతారు. కాలిఫోర్నియాలో ఇళ్ల కొరత తట్టుకోలేక 2020 నుంచి, గ్యారేజీని చిన్న ఇల్లుగా మార్చుకుంటే పోయిన పార్కింగ్‌కు బదులు చూపించమని నగరాలు పట్టుబట్టకూడదని చట్టం తెచ్చారు. అక్కడా పర్మిట్ ఉంది, తనిఖీ ఉంది.

రెండు చోట్లా కారుకు ఎంత జాగా అన్నదాని మీద పట్టు సడలించారు. మనిషి భద్రత మీద సడలించలేదు. మన దగ్గర పార్కింగ్ రూలు చాలా గట్టిగా ఉంది. ఆ గదిలో నిప్పంటుకుంటే పైవాళ్లు ఎలా బయటపడతారని అడిగేవాళ్లు మాత్రం ప్రమాదం జరిగాకే వస్తారు.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఇక్కడే ఉంది. 75 గజాల ఇంటికి ఒక్క రూపాయితో దారి చూపించిన ప్రభుత్వం, మెట్లెక్కలేని ముసలివాళ్ల కోసం, ఇంటి నుంచి పనిచేసుకునే ఆడవాళ్ల కోసం స్టిల్ట్‌లో ఒక చిన్న గదికి షరతులతో దారి చూపించడం కష్టమేమీ కాదు. ఎన్ని చదరపు అడుగులు, మెట్లకు ఎంత దూరం, ఏ పనులకు కూడదు అని రాసి, ఫీజు పెట్టి, ఫైర్ తనిఖీ చేస్తే సరిపోతుంది. అప్పుడు దాచిపెట్టి కట్టేవాళ్లు తగ్గుతారు, నోటీసు పేరుతో చేతులు మారే డబ్బూ తగ్గుతుంది. రోడ్డు మీద బండ్లు పెరుగుతాయన్న అభ్యంతరం నిజమే. అందుకే గది చిన్నదిగా, మిగతా స్టిల్ట్ ఖాళీగా ఉండాలన్న షరతు అవసరం.

అలాంటి దారి వచ్చేదాకా చేతిలో ఉన్నది ఒక్కటే. ఇల్లు కట్టినప్పుడు ఆమోదించిన ప్లాన్ కాపీ ఇంట్లో ఉందా చూసుకోవాలి. లేకపోతే టౌన్ ప్లానింగ్ విభాగంలో సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. ఆ కాగితంలో కింది భాగం మీద ఏమని రాసి ఉందో చూసి, లైసెన్స్ ఉన్న ఇంజనీర్‌కు చూపించి, ఆ తర్వాతే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వాలి. దాదాజాన్ గది అవసరమే. నోటీసు వచ్చినా, నీళ్లొచ్చినా, రేపు పంపకాలు జరిగినా ఆ గది నిలబడేలా ఉండాలి.